కట్టకో సంఘం, సంఘానికో పద్దు

2025 ఆగస్టు చివరి వారంలో కామారెడ్డి జిల్లా మీద ఆకాశం చిల్లు పడినట్టు వాన కురిసింది. ఒక చోటైతే ఒక్క రోజులోనే 40 సెంటీమీటర్లు దాటింది. వాగులు ఊళ్ల మీద పడ్డాయి, రోడ్లు తెగాయి, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. నాగిరెడ్డిపేట మండలంలోని పోచారం జలాశయం పొంగి పొర్లింది. ఆనకట్ట పక్కన నేల కోసుకుపోవడంతో కింది ఊళ్ల జనం గుండెలు అరచేత పట్టుకున్నారు. నిజాం జమానాలో 1922 నాటికి పూర్తయిన ఆ రాతికట్ట మాత్రం నిలబడింది. అక్కడి నీళ్లు చేరేది మంజీరలోకి. మంజీర మీద నిజాంసాగర్, నిజాంసాగర్ కింద బాన్సువాడ. అందుకే అక్కడ కట్ట నిలబడిందన్న కబురు బాన్సువాడ దాకా ఊరట తెచ్చింది.

కట్ట తెగిన మర్నాడు అందరం అడిగే మాట ఒకటే, తప్పెవరిదని. తెగకముందు అడగవలసిన మాట ఇంకొకటి ఉంది. ఏడాది పొడవునా ఈ కట్టను చూసుకునేదెవరు, అందుకయ్యే రూపాయి ఎక్కడి నుంచి వస్తుంది? ఈ ప్రశ్నకు పేరుతో, లెక్కతో జవాబు చెప్పగలిగిన ఊళ్లో కట్ట పదిలంగా ఉంటుంది. జవాబు లేని ఊళ్లో కట్ట వానదేవుడి దయ మీద బతుకుతుంది.

నీటి బరువు ఎంత?

చెరువు కట్ట చూడటానికి ఉత్త మట్టిదిబ్బ. అది మోసే బరువు తెలిస్తే దాని మీద గౌరవం పుడుతుంది. నీటి ఒత్తిడి లోతును బట్టి పెరుగుతుంది. మీటరు లోతున చదరపు మీటరుకు ఒక టన్ను, ఐదు మీటర్ల లోతున ఐదు టన్నులు. ఐదు మీటర్ల నీరు ఆపుతున్న కట్టలో ప్రతి మీటరు పొడవు మీదా పడే మొత్తం తోపుడు పన్నెండున్నర టన్నులు. కట్ట కిలోమీటరు పొడవుంటే 12,500 టన్నులు. లోతు రెట్టింపయితే ఈ తోపుడు నాలుగింతలవుతుంది. చెరువు నిండిన రోజున కట్ట మీద పడే భారానికీ, సగం లోతే నిండిన రోజు భారానికీ అంత తేడా ఉందన్నమాట.

మట్టికట్ట ఈ తోపుడుకు తన బరువుతో ఎదురు నిలుస్తుంది. అయితే మట్టి రాయిలా నీటిని పూర్తిగా ఆపలేదు. ఏ మట్టికట్టలోనైనా నీరు కొంత ఊరుతూనే ఉంటుంది. లోపలి వైపు నీటిమట్టం దగ్గర మొదలైన తడి, కట్ట పొట్టలోంచి ఏటవాలుగా కిందికి దిగి, అవతలి వైపు అడుగున తేలుతుంది. ఆ తడిగీత కట్ట లోపలే ఉండి, పాదం దగ్గర నెమ్మదిగా బయటపడితే భయం లేదు. అందుకే పాతవాళ్లు నడిమధ్యన జిగట మట్టి వేసి దిమ్మిస కొట్టారు. బయటి పాదాన రాళ్లు పేర్చి, ఊటనీరు మట్టిని మోసుకుపోకుండా వడగట్టే ఏర్పాటు చేశారు.

కట్ట కింద ఊట కనిపిస్తే గుర్తుపెట్టుకోవలసిన సూత్రం చాలా చిన్నది. ఊటనీరు తేటగా వస్తే కట్ట ఊపిరి తీసుకుంటున్నట్టు. బురదగా వస్తే కట్ట కరిగిపోతున్నట్టు. బురద అంటే కట్ట లోపలి మట్టే. నీరు ఒక్కొక్క రేణువునూ బయటికి లాగుతూ, బయటి నుంచి లోపలికి సొరంగం తవ్వుకుంటూ పోతుంది. దీన్నే మనవాళ్లు బుంగ పడటం అంటారు. సొరంగం పెరిగేకొద్దీ దానిలో నీరు వేగం పుంజుకుంటుంది, వేగం పుంజుకునేకొద్దీ ఇంకా మట్టి కోస్తుంది. పొద్దున చేతివేలంత ఉన్న బుంగ సాయంత్రానికి గండి కావచ్చు.

ఈ సొరంగానికి దారి చూపేవి చిన్నచిన్న సంగతులే. ఎలుకలు, ఎండ్రకాయలు తవ్విన కన్నాలు. కట్ట మీద పెరిగిన తుమ్మచెట్ల వేర్లు. తూము పక్కన రాతికీ మట్టికీ మధ్య విడిన సందు. చెట్టు కొట్టేస్తే పీడ పోయిందనుకుంటాం. లోపల వేరు కుళ్లితే అదే నీటికి గొట్టమవుతుంది. అందుకే చెట్టు మొక్కగా ఉన్నప్పుడే పీకెయ్యాలి. ఈ పనికి ఇంజినీరు అక్కర్లేదు. ఏడాదికి రెండుసార్లు కట్ట పొడవునా నడిచే మనిషి, అతని చేతిలో గడ్డపార ఉంటే చాలు.

మత్తడి మీద ఒక్క అడుగు

మట్టికట్టకు రెండో గండం, నీరు తల మీదుగా పొర్లడం. రాతికట్ట కొంతసేపు తట్టుకుంటుంది కానీ మట్టికట్ట గంటల్లో కోసుకుపోతుంది. దాన్ని కాపాడేది మత్తడి. కొన్ని ఊళ్లలో దాన్నే అలుగు అంటారు. కట్ట కంటే కొన్ని అడుగులు కిందుగా ఉండి, ఎక్కువైన నీటిని పక్క నుంచి దాటించే రాతి గడప అది.

మత్తడి లెక్కలో ఒక కిటుకుంది. దాని మీద పారే నీటి ఎత్తు రెట్టింపయితే ప్రవాహం రెట్టింపుతో ఆగదు, దాదాపు 2.8 రెట్లవుతుంది. వంద అడుగుల మత్తడి మీద అడుగు ఎత్తున నీరు పారితే సుమారు 300 క్యూసెక్కులు దాటుతుంది. రెండు అడుగుల ఎత్తున పారితే దాదాపు 850. ఇప్పుడు యాసంగికి ఇంకాసిన్ని నీళ్లు నిలుస్తాయన్న ఆశతో మత్తడి మీద అడుగు ఎత్తున ఇసుక బస్తాలు వేశారనుకోండి. కట్టకు ప్రమాదం రాకుండా రెండడుగుల నీటిని దాటించగలిగిన మత్తడి ఇప్పుడు ఒక్క అడుగునే దాటించగలదు. మిగిలిన సత్తా 300 క్యూసెక్కులు. అడుగు నీటి కోసం మత్తడి బలంలో మూడింట రెండొంతులు పోగొట్టుకున్నాం. చేపలు పోకుండా అడ్డంగా కట్టిన వలలో కంపా చెత్తా చిక్కుకున్నా జరిగేది ఇదే.

ఇక గొలుసుకట్టు చెరువుల సంగతి. మన ప్రాంతంలో ఒక చెరువు మత్తడి దూకిన నీరు వాగులో పడి కింది చెరువుకు చేరుతుంది. కరువులో ఇది వరం. వరదలో పై చెరువు తెగితే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా కింది చెరువు మీద పడతాయి. కింది ఊరివాళ్లు తమ కట్టను ఎంత బాగా చూసుకున్నా, పై ఊరివాళ్లు చూసుకోకపోతే ముప్పు ఇద్దరిదీ. కట్ట బాగోగులు ఒక్క ఊరితో ముడిపడిన విషయం ఎందుకు కాదో ఈ గొలుసే చెబుతుంది.

2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య జలాశయం మట్టికట్ట కొట్టుకుపోయి ఊళ్లకు ఊళ్లు నీట మునిగాయి, ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఎగువన పింఛ జలాశయం కట్ట అప్పటికే తెగింది. వచ్చిన వరద స్పిల్‌వే సామర్థ్యాన్ని మించింది. దానికి తోడు ఐదు గేట్లలో ఒకటి తెరుచుకోలేదని కేంద్ర జలశక్తి మంత్రి పార్లమెంటులో చెప్పారు. అంత ప్రళయంలో ఒక్క గేటు తెరుచుకోవడం, తెరుచుకోకపోవడం ఎంత తేడా తెస్తుందో ఇంజినీర్లు లెక్కగడతారు. గేటుకు వేళకు గ్రీజు పెట్టడం, ఏటా ఒకసారి ఎత్తి దించి చూడటం మాత్రం లెక్కలకు అందని పెద్ద విద్యేమీ కాదు.

ఆరు వందల యాభై ఏళ్ల నాటి హెచ్చరిక

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఒకటి ఉంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు ఆ చెరువు తవ్వించాడు. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పనిచేశాయని ఆ శాసనం చెబుతుంది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలనూ, చెరువుకు పట్టే ఆరు దోషాలనూ అది వరసగా పేర్కొంది. కట్టలోంచి నీరు ఊరడం, చవుడు నేల, చెరువు నడుమ మెట్ట, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువవడం, నీరు ఎక్కువై ఆయకట్టు తక్కువవడం. ఈ ఐదూ ఈనాటి ఇంజినీరు కూడా ఒప్పుకునేవే.

మిగిలిన ఒక్క దోషం దగ్గర మనం కాసేపు ఆగాలి. చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం. మట్టికీ నీటికీ రాజ్యాలు తెలియవు కదా, మరి అది చెరువుకు దోషం ఎలా అయింది? రెండు రాజ్యాల నడుమ ఉన్న చెరువుకు బాధ్యుడు ఉండడు. నీళ్లు ఇద్దరికీ కావాలి, కట్ట ఎవరికీ అక్కర్లేదు. కట్టలోని ఊటను ఏ వరసలో చెప్పారో, బాధ్యుడు లేకపోవడాన్నీ అదే వరసలో చెప్పిన ఆ శాసనకర్తలకు చెరువు గుట్టు తెలుసు.

ఆ గుట్టు తెలిసే మనవాళ్లు ఏర్పాట్లు చేసుకున్నారు. చెరువు తవ్వించినవారికీ, బాగుచేయించి కాపాడేవారికీ ఆయకట్టు భూమిలోనో ఫలసాయంలోనో పదో వంతు వదిలే పద్ధతి ఉండేది. దాన్ని దశబంధం అన్నారు. కాకతీయుల కాలం నుంచీ శాసనాల్లో ఈ మాట కనిపిస్తుంది. తూము తీసి మూసేందుకు, మడి మడికీ నీరు పంచేందుకు, కట్ట మీద కన్ను వేసి ఉంచేందుకు నీరటి ఉండేవాడు. అతనికి మాన్యమో, కళ్లంలో గింజల వాటానో దక్కేది. పంట పండితేనే నీరటికి గింజ, కట్ట నిలిస్తేనే పంట. కాపాడేవాడి కడుపును కట్టతో ముడివేసిన ఏర్పాటు అది.

ఈ పాత పద్ధతిని మళ్లీ తెమ్మని ఎవరూ అనలేరు. అందులో కులం ఉంది, వెట్టి ఉంది, నీరటి అడగలేని అన్యాయం ఉంది. అయినా దానిలోని ఎముక గట్టిది. ప్రతి చెరువుకూ ఒక బాధ్యుడు, ప్రతి పంటలోంచీ చెరువుకు ఒక వాటా. భూమి రికార్డులు మారి, మాన్యాలు పోయి, చెరువు సర్కారుదయ్యాక ఆ రెండూ తెగిపోయాయి. ‘మన చెరువు’ ‘సర్కారు చెరువు’ అయింది. ఊరు చూసుకోవడం మానేసింది. వేల చెరువుల మీద ఏటా నడిచేంత మంది మనుషులు సర్కారు దగ్గర లేరు.

నిజాంసాగర్ చెప్పే లెక్క

బాన్సువాడ బతుకు నిజాంసాగర్‌తో ముడిపడింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఆధ్వర్యంలో 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆనకట్ట ఇది. ఆయన పుట్టినరోజు జూలై 11నే తెలంగాణ ఇంజినీర్ల దినోత్సవంగా జరుపుకుంటోంది. నిజాంసాగర్ కాలువ పారాక బాన్సువాడ, బోధన్, నిజామాబాద్ చుట్టూ వరి, చెరకు పచ్చబడ్డాయి. బోధన్ చక్కెర కర్మాగారం నడిచిందీ ఈ నీళ్లతోనే.

అంత గొప్ప జలాశయాన్ని పూడిక నెమ్మదిగా మింగింది. మంజీర తెచ్చిన మట్టి ఏటేటా అడుగున చేరి, కట్టినప్పటి సామర్థ్యంలో పెద్ద భాగం కరిగిపోయింది. తర్వాత గేట్ల ఎత్తు పెంచి నిండు నీటిమట్టాన్ని 1405 అడుగులకు తెచ్చారు. ఇప్పుడు లెక్కలో ఉన్న నిల్వ 17.8 టీఎంసీలు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఎగువన సింగూరు జలాశయం వచ్చాక మంజీర నీటిలో కొంత హైదరాబాద్ దాహానికి పోతోంది. కాబట్టి కాలువ మొదట్లో ఉన్న మడికీ, చివరి మడికీ మధ్య తగువు ఏ ఏడాదైనా లేవవచ్చు.

పూడిక, తగువు ఈ రెండూ చెప్పేది ఒకటే. నీటి కట్టడం కట్టేసిన రోజుతో పని అయిపోదు, ఆ రోజే మొదలవుతుంది. మనకు పథకాలు వస్తాయి. 2015 మార్చి 12న నేటి కామారెడ్డి జిల్లాలోని సదాశివనగర్‌లో మిషన్ కాకతీయ మొదలైంది. రాష్ట్రంలో 46 వేలకు పైగా చెరువులు గుర్తించి, విడతలుగా పూడిక తీసి, కట్టలు బలపరిచారు. తీసిన పూడికను రైతులు తమ పొలాలకు తోలుకున్నారు. అది పెద్ద పని, అవసరమైన పని. కానీ పూడిక మళ్లీ చేరుతుంది, తుమ్మ మళ్లీ మొలుస్తుంది, షట్టరు మళ్లీ తుప్పు పడుతుంది. పథకం తరానికోసారి వస్తుంది, తుమ్మ ఏడాదికోసారి మొలుస్తుంది. ఆ నడుమ కాలాన్ని నింపగలిగేది స్థానిక సంఘం ఒక్కటే.

చట్టంలో ఉన్నదే

ఇది కొత్తగా కనిపెట్టవలసిన సంగతి కాదు. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశానికే దారి చూపుతూ రైతులచే సాగునీటి వ్యవస్థల యాజమాన్య చట్టం తెచ్చింది. ఆ ఏడాదే పది వేలకు పైగా సాగునీటి సంఘాలకు ఎన్నికలు జరిగాయి. వంద ఎకరాలు దాటిన చెరువు ఆయకట్టుకు ఒక సంఘం. పెద్ద ప్రాజెక్టు కింద అయితే మూడంచెలు: అడుగున సాగునీటి సంఘం, దాని పైన డిస్ట్రిబ్యూటరీ కమిటీ, ఆ పైన ప్రాజెక్టు కమిటీ. ఆయకట్టును ముక్కలుగా విడదీసి ఒక్కో ముక్క నుంచి ఒకరిని ఎన్నుకోవడం వల్ల చివరి మడి రైతుకూ సంఘంలో గొంతు ఉంటుంది. రికార్డుల్లో ఉన్న కౌలుదారుకూ ఓటు ఇచ్చారు. వంతులవారీగా నీరు పంచే వారబందీ, పనులు, లెక్కలు, సామాజిక తనిఖీ, ఆక్రమణల తొలగింపు, అన్నీ సంఘం పనులే. పనులకూ ఆర్థిక వనరులకూ నీటి యాజమాన్యానికీ పర్యవేక్షణకూ నాలుగు ఉపసంఘాలు ఉండాలన్నారు.

ఆ రోజుల్లోనే నీటి తీరువా కూడా పెంచారు. పెద్ద ప్రాజెక్టుల కింద మొదటి వరి పంటకు ఎకరాకు 200 రూపాయలు, చెరువుల కింద 100 రూపాయలు. వసూలైనదాంట్లో వాటా సంఘాలకు తిరిగి రావాలి. మొదటి ఏళ్లలో కాలువలు, తూములు బాగుపడ్డాయి. తర్వాత నీరసం వచ్చింది. పనుల డబ్బు ప్రభుత్వ గ్రాంటుగా వచ్చినంతకాలం కొన్ని చోట్ల సంఘం కాంట్రాక్టు పనుల వేదికైంది, గ్రాంటు ఆగితే సంఘమూ ఆగింది. వాటా తిరిగి రావడం జాప్యమైన చోట తీరువా కట్టినవాడికి నమ్మకం పోయింది. తెలంగాణ వచ్చాక ఏళ్ల తరబడి ఎన్నికలు లేక సంఘాలు కాగితాల మీద మిగిలాయి. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు జరిపారు.

ఇందులో పాఠం స్పష్టంగా ఉంది. సొంత రాబడి లేని సంఘం సంఘం కాదు. రాబడి ఉండి లెక్క చెప్పని సంఘం ఎక్కువ రోజులు బతకదు.

చివరి మడివాళ్లు నేర్పింది

సంఘాలు మన దగ్గర నిలవవనేవాళ్లకు కర్నూలు జిల్లా పల్లెలు జవాబిస్తాయి. రాబర్ట్ వేడ్ అనే పరిశోధకుడు అక్కడ కాలువ కింది 31 గ్రామాలు తిరిగి, 1988లో ఒక పుస్తకం ప్రచురించాడు. కొన్ని ఊళ్లలో ఏ చట్టమూ చెప్పకుండానే రైతులు ఊరి మండలి పెట్టుకుని, ఉమ్మడిగా నీరు పారించే మనుషులను నియమించుకుని, ఊరి నిధి నడిపారు. కోతలయ్యాక పొలాల్లో గొర్రెల మందలు మేపుకునే హక్కును వేలం వేసి నిధికి డబ్బు తెచ్చారు. అలా చేసిన ఊళ్లు ఎక్కువగా కాలువ చివర ఉన్నవి. నీరు అందదేమో అన్న భయం ఉన్న చోటే మనుషులు ఒక్కటయ్యారు. కాలువ మొదట్లో నీళ్లు దండిగా ఉన్న ఊళ్లకు ఆ అవసరం పడలేదు.

2009లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న ఎలినార్ ఆస్ట్రమ్ ప్రపంచమంతటా ఉమ్మడి ఆస్తులను కాపాడుకున్న సంఘాలను పరిశీలించి కొన్ని లక్షణాలు గుర్తించింది. ఎవరు సభ్యులో, ఏది హద్దో తేలి ఉండాలి. లాభానికి తగ్గ ఖర్చు పంచాలి. నియమాలను అనుభవించేవాళ్లే పెట్టుకోవాలి. కాపలా కాసేవాడు సంఘానికి జవాబుదారీగా ఉండాలి. తప్పు చేసినవాడికి మొదట చిన్న శిక్ష, మళ్లీ చేస్తే పెద్దది. తగువు ఊళ్లోనే తీరే చోటు ఉండాలి. సంఘాన్ని సర్కారు గుర్తించాలి. పెద్ద వ్యవస్థల్లో చిన్న సంఘాలు అంచెలంచెలుగా కూడాలి. ఈ పట్టికను మన 1997 చట్టం పక్కన పెట్టి చూడండి. చాలా వరకు కలుస్తాయి. చట్టం చెడ్డది కాదు, దాన్ని నడపడం మానేశాం.

సముద్రాల అవతల

నెదర్లాండ్స్‌లో సగం నేల నీటి గండంలో ఉంటుంది. అక్కడ కట్టలను కాపాడే నీటి బోర్డులు 13వ శతాబ్దం నుంచి ఉన్నాయి. ఇప్పుడు 21 బోర్డులు పనిచేస్తున్నాయి. వాటికి వేరే ఎన్నికలు, వేరే పన్ను. రాజ్యాలు మారినా బోర్డులు నిలిచాయి.

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం కథ మనకు ఇంకా దగ్గరిది. మన నిజాంసాగర్ కడుతున్న 1920ల్లోనే అక్కడ ఈడెన్‌విల్ అనే మట్టి ఆనకట్ట కట్టారు. అది ప్రైవేటు కంపెనీ చేతిలో ఉండేది. పెద్ద వరదను దాటించే సత్తా స్పిల్‌వేకు లేదని, పెంచమని అధికారులు ఏళ్ల తరబడి చెప్పినా పని జరగలేదు. చివరికి 2018లో కేంద్ర సంస్థ జలవిద్యుత్ లైసెన్సు రద్దు చేసింది. 2020 మే 19న ఎడతెగని వానలకు కట్ట తెగింది. దాని నీరు కింది శాన్‌ఫర్డ్ ఆనకట్టనూ తెంచింది. గొలుసుకట్టు సూత్రమే. దాదాపు పది వేల మంది ఇళ్లు వదిలి వెళ్లారు. ఎన్నో ఇళ్లు తీరాన ఉన్న సరస్సు రాత్రికి రాత్రి బురదమైదానమైంది.

కట్ట తెగకముందే అక్కడి రెండు కౌంటీలు ఒక ఏర్పాటు మొదలుపెట్టాయి. తెగాక ఆనకట్టలు స్థానిక ప్రజాసంస్థ చేతికి వచ్చాయి. సరస్సు వల్ల మేలు పొందే ఇళ్లనూ భూములనూ ఒక ప్రత్యేక జిల్లాగా గుర్తించి, పొందే మేలును బట్టి ఏటా కట్టే రుసుము నిర్ణయించారు. రాష్ట్రం కూడా పెద్ద మొత్తం ఇచ్చింది. అయినా రుసుము బరువైందని కొందరు కోర్టుకెక్కారు. అది సహజమే. తెగకముందు ఏటా కొంచెం కట్టి ఉంటే సరిపోయేది, తెగాక కొండంత అయి కూర్చుంటుంది. ఆ అనుభవాన్ని మనం మన ఊరి గండితో నేర్చుకోనక్కర్లేదు.

బాన్సువాడకు ఎలా ఉండాలి?

ముందుగా ఒక హద్దు గీసుకుందాం. నిజాంసాగర్ లాంటి ఆనకట్టను రైతుల సంఘం మీద వదిలేయకూడదు. 2021 ఆనకట్టల భద్రతా చట్టం 15 మీటర్లు దాటిన ప్రతి ఆనకట్టకూ, కొన్ని షరతులతో 10 నుంచి 15 మీటర్ల వాటికీ వర్తిస్తుంది. వానలకు ముందూ తర్వాతా తనిఖీ, అత్యవసర ప్రణాళిక, నిర్వహణకు నిధులు, ఇవన్నీ యజమాని విధులు. మన దగ్గర ఆ యజమాని రాష్ట్ర ప్రభుత్వం. దాన్ని అడిగే హక్కు సంఘానికి ఉండాలి, మోసే భారం వద్దు.

చట్టం కన్ను పడనిది చిన్న కట్టల మీద. ఊరి చెరువుల కట్టల్లో ఎక్కువ భాగం పది మీటర్ల లోపే. బాన్సువాడ పట్టణపు కల్కి చెరువు మొదలు పల్లె పల్లెలోని కుంటల దాకా, కాపాడే పని ఊరిదే అయ్యే చోటు ఇది.

సంఘం హద్దు రెవెన్యూ గ్రామంతో ఆగకూడదు, నీటి దారిని బట్టి ఉండాలి. ఒక వాగు మీది గొలుసు చెరువులన్నీ ఒక సమాఖ్యగా కూడితే పై కట్ట బురద ఊట కబురు కింది ఊరికి గంటలో చేరుతుంది. పోరుమామిళ్ల శాసనం చెప్పిన సరిహద్దు దోషానికి మందు ఇదే.

సభ్యత్వం పట్టాదారుతో ఆగకూడదు. దున్నేది కౌలు రైతు అయితే నీటి కష్టం అతనిది. చెరువులో చేపలు పెంచే మత్స్య సహకార సంఘం, చెరువు ఊటతో బోర్లు నిండే చుట్టుపక్కల రైతులు, కట్ట కింద ఇళ్లున్నవారు, వీళ్లందరికీ చెరువు వల్ల మేలుంది, కట్ట వల్ల ముప్పూ ఉంది. మేలు పొందేవారంతా వాటా ఇవ్వాలి, వాటా ఇచ్చేవారంతా మాట చెప్పాలి.

రుసుము చిన్నదిగా, ఏటేటా, తప్పకుండా ఉండాలి. ఒక ఊహాచిత్రం చూద్దాం. మూడు వందల ఎకరాల ఆయకట్టు, ఎకరాకు పంటకు 200 రూపాయలు. ఒక పంటకు 60 వేలు, రెండు పంటలకు లక్షా ఇరవై వేలు. గండి పూడ్చడానికి ఇది చాలదు. గండి పడకుండా చూడటానికి మాత్రం ఎంతో ఉపయోగపడుతుంది. అందులో కొంత ఏటా పక్కన పెట్టి బ్యాంకులో ఉంచితే, ఐదేళ్లకోసారి వచ్చే షట్టరు మార్పుకో, రాతికట్టు మరమ్మతుకో చెయ్యి చాచనక్కర్లేదు. పెద్ద పనికి సర్కారు డబ్బు ఇచ్చేటప్పుడు, ఏటా తన వాటా కట్టుకున్న సంఘానికి ముందు వరస ఇస్తే ఊళ్లన్నీ తామే కదులుతాయి.

పనికి పంచాంగం ఉండాలి. ఎండాకాలంలో చెరువు ఎండినప్పుడు తూము, షట్టరు చూసి గ్రీజు పెట్టాలి, పూడిక తీయాలి. మృగశిర కార్తెకు ముందే తుమ్మమొక్కలు పీకి, ఎలుక బుంగలు మొరంతో దిమ్మిస కొట్టి పూడ్చాలి, మత్తడి కాలువలోని కంపను తీయాలి. వానాకాలమంతా నీటి మట్టం రోజూ రాయాలి. చెరువు నిండిన తర్వాత కట్ట పాదం వెంట నడిచి, ఊట రంగు చూడాలి. ఇది రాసే పుస్తకం ఒకటి పంచాయతీ ఆఫీసులో అందరికీ అందుబాటులో ఉండాలి. నీరటికో లష్కర్‌కో నెల జీతం సంఘం పద్దులోంచే వెళ్లాలి, సకాలంలో వెళ్లాలి.

లెక్క గోడ మీద ఉండాలి. ఎంత వసూలైంది, ఎవరు బాకీ, ఎంత ఖర్చయింది, ఇవి గ్రామసభలో చదివి, గోడ మీద రాయాలి. మత్తడి మీద బస్తాలు వేసినవాడికి, తూము పగలగొట్టినవాడికి, శిఖం భూమి ఆక్రమించినవాడికి ఒకే నియమం, పెద్దవాడనీ బంధువనీ చూడకుండా. ఈ ఒక్క చోట జారితే మిగిలిన ఏర్పాటంతా జారుతుంది.

కట్ట మీద నడవండి

నీటి తీరువా మాట ఎత్తితే రైతు మీద భారమంటారు. నిజమే, వరి రైతు లెక్క ఏ ఏడాదీ తేలిగ్గా లేదు. పేద రైతుకు తగ్గింపు ఉండాలి, శ్రమ రూపంలో వాటా ఇచ్చే వీలుండాలి. అయినా తీరువా లేకపోతే భారం ఉండదనుకోవడం పొరపాటు. తీరువా కట్టని ఊరు గండి రూపంలో కడుతుంది. పంట పోగొట్టుకుని, ఇసుక మేట వేసిన పొలం చూసుకుని, ఒక్కోసారి మనుషుల్ని పోగొట్టుకుని కడుతుంది. ఆ రుసుముకు రాయితీ ఉండదు.

పోచారం కట్ట 2025లో నిలబడింది. వందేళ్ల కింద దాన్ని కట్టినవాళ్ల పనితనం అంత గట్టిది. మన ఊరి మట్టికట్టలకు ఆ రాతి బలం లేదు. వాటి బలమంతా వాటిని చూసుకునే మనుషుల్లోనే ఉంది.

బాన్సువాడ ప్రాంతంలో మీ ఊరి చెరువు ఈసారి నిండినప్పుడు, మత్తడి దూకుతోందని పిల్లల్ని తీసుకుని చూడటానికి వెళ్తారు కదా. ఆ రోజు కట్ట అవతలి పక్కకు కూడా దిగండి. పాదం వెంట ఈ చివర నుంచి ఆ చివరకు నడవండి. ఊట తేటగా ఉందో బురదగా ఉందో చూడండి. ఎక్కడైనా బురద కనిపిస్తే నీటిపారుదల అధికారులకు చెప్పండి, ఊళ్లో చెప్పండి. తిరిగి వచ్చాక గ్రామసభలో ఒక్క ప్రశ్న అడగండి: ఈ కట్టకు సంఘం ఏది, ఆ సంఘానికి పద్దు ఏది? జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉండండి.